లైఫ్ సర్టిఫికెట్

ఆదివారం భోజనాల దగ్గర
మా తమ్ముడు వన్నెస్
చాకు మొనతో టేబుల్‌క్లాత్ మీద గీత గీశాడు.
గీతకి పైన మేం, కింద వాళ్లు.
పైన డచ్, కింద ఫ్రెంచ్.
పైన పని, కింద పడక.
లెక్కంతా వాడి నాలిక చివరే ఉంటుంది:
ఏడాదికి తలకింత చొప్పున
మన జేబుల్లోంచి దక్షిణానికి జారిపోతోందట,
మధ్యలో బ్రస్సెల్స్ కూర్చుని
చిల్లుల గరిటెతో వడ్డిస్తోందట.
"పెట్టే చెయ్యి మనది, పడే మాటా మనకే.
మన పన్నులు మన దగ్గరే ఉండనీ, ఆ తర్వాత చూడు."

ఎండు ప్లమ్ పళ్లేసి వండిన కుందేలు కూర
చల్లారిపోతోంది.

వాడు చెప్పేది అబద్ధమేం కాదు.
వాడి ఫ్యాక్టరీలో తెల్లారేసరికి
నలభై టన్నుల క్యారెట్లు ముక్కలై గడ్డకడతాయి.
పాతికేళ్లుగా జీతాల పట్టీ రాసేది నేనే;
ఎవరి దగ్గర ఎంత కోత పడుతుందో
సెంటుతో సహా తెలుసు.
పోయిన ఎన్నికల్లో తెరచాటున
ఎర్ర పెన్సిల్‌తో
నేనూ వాడి పార్టీ మీదే గుర్తు పెట్టాను.
చెయ్యి వణకలేదు.

అయినా ఆ గీత చూడగానే
ఎందుకో ఒక ఫ్రెంచ్ వాక్యం గొంతులోకి వచ్చి కూర్చుంది.

మా తాత ఓడీల్
రాత్రి రెండున్నర రైలెక్కి
షార్లెరువా బొగ్గుగనిలోకి దిగేవాడు.
అప్పట్లో బతుకు ఆ వైపే ఉండేది.
మా వైపు
నదిలో నానేసిన అవిసె నార కంపు,
దుంపలకి తెగులు,
ఒక మంచానికి నలుగురు పిల్లలు.
తాతకి వచ్చిన ఫ్రెంచ్ మూడే ముక్కలు:
దీపం. త్వరగా. చాలు.
మొదటి రెండూ రోజూ వినేవాడట,
మూడోది ఎవరి నోటా వినలేదట.

ఇరవై మూడేళ్లకి
ఊపిరితిత్తుల నిండా రాతిపొడితో ఇల్లు చేరాడు.
దానికీ ఒక ధర కట్టారు, అక్కడి ఆఫీసులో.
నెలనెలా పింఛను.
షరతు ఒక్కటే:
ఏటా జనవరిలో, మనిషి ఉన్నాడని
వాళ్ల భాషలో రాసి పంపాలి.

ఇంట్లో ఆ భాష రాసేది నేనొక్కదాన్నే, తొమ్మిదేళ్లదాన్ని.
బడిలో సిస్టర్ యూలాలీ దిద్దించిన వాక్యాన్ని
నాలిక బయటపెట్టి మరీ రాసేదాన్ని.
నాన్నమ్మ నా భుజం మీదుగా వంగి చూసేది,
సిరా మరక పడితే డబ్బు ఆగిపోతుందేమోనని.
"నా భర్త ఇంకా బతికే ఉన్నాడు."
మంచం మీంచి తాత దగ్గేవాడు,
సాక్షి సంతకంలా.

నాలుగో జనవరిలో ఉత్తరం నాలుగో తారీఖున రాశాను.
తాత ఆరున పోయాడు.
కవరు ఇంకా అల్మారా మీదే ఉంది, అంటించకుండా.
నాన్నమ్మ దాన్ని చాలాసేపు చూసింది.
నల్లబట్టలు కట్టుకుంది.
చర్చికి వెళ్లే దారిలోనే పోస్టుడబ్బా.

ఏడాది పొడుగునా డబ్బు వచ్చింది.
చనిపోయిన మనిషి పంపినట్టు, తప్పకుండా, ఒకటో తారీఖుకల్లా.
ఆ డబ్బుతోనే నాన్న
చికోరీ మొలకల పాకకి రేకులు వేయించాడు.
పాక షెడ్డయింది,
షెడ్డు కోల్డ్ స్టోరేజీ అయింది,
కోల్డ్ స్టోరేజీకి వన్నెస్ పేరు
ఆకుపచ్చ అక్షరాలతో ఎక్కింది.

"దొంగ కాగితాలక్కా," అంటున్నాడు వాడు.
"పని చెయ్యనివాడు రోగం రాయించుకుంటాడు,
చచ్చినవాడు కూడా పింఛను తీసుకుంటాడు అక్కడ!"

నేను నవ్వానేమో.
"ఏం, లెక్క తప్పా?" అన్నాడు.

"లేదురా. లెక్క సరిగ్గానే ఉంది.
ఇంకో ముక్క వేసుకో, ఎముక లేనిది."

సాయంత్రం టేబుల్‌క్లాత్ ఉతికి, తడి మీదే ఇస్త్రీ చేశాను.
మరకలు పోయాయి.
చాకు గీసిన చోట
రెండు పోగులు తెగి ఉన్నాయి.
మంచి అవిసె నార గుడ్డ, నాన్నమ్మది.
సూదిలో దారం ఎక్కించి
కళ్లజోడు కోసం వెతుక్కుంటూ
పైకే అనేశాను ఆ వాక్యం,
ఉచ్చారణ తప్పుతోనే.